తేనెటీగకు ముక్కు ఎక్కడ ఉంది? - కార్ల్ ఫాన్ ఫ్రిష్ జీవితం

కార్ల్ ఫాన్ ఫ్రిష్ గారు 1886 నవంబరు 20న ఆస్ట్రియా దేశంలోని వియన్నా నగరంలో పుట్టారు. తండ్రి డాక్టరు. చిన్నప్పుడే ఇంట్లో పక్షులు, చేపలు, పురుగులు పెంచేవారు. డాక్టరు చదువు మొదలుపెట్టి మధ్యలో వదిలేసి జంతుశాస్త్రం చదివారు. సెలవుల్లో బ్రున్‌వింకల్ అనే ఊరికి పోయేవారు. అక్కడ సరస్సు పక్కన వాళ్ళకు పాత మిల్లు ఇల్లు ఉండేది. తేనెటీగల మీద పరీక్షలు చాలా వరకు ఆ ఇంటికాడనే చేశారు.

అప్పట్లో హెస్ అనే పెద్ద ప్రొఫెసరు తేనెటీగలకు రంగులు తెలియవని చెప్పేవాడు. ఫ్రిష్ గారు ఒప్పుకోలేదు. మరి పూలకు అన్ని రంగులు ఎందుకు? నీలం కాగితం మీద చక్కెర నీళ్ళు పెట్టి ఈగలకు అలవాటు చేశారు. తర్వాత నీళ్ళు తీసేసినా, చుట్టూ ఎన్ని బూడిదరంగు కాగితాలు ఉన్నా, ఈగలు నీలం మీదనే వాలినయి.

వాసన సంగతి ఇంకా బాగుంటది. చిన్న పెట్టెకు నీలం రంగు వేసి, లోపల మల్లె వాసన, చక్కెర నీళ్ళు పెట్టారు. ఈగలు బాగా అలవాటు పడినంక నీలం ఒక పెట్టెకు, మల్లె వాసన ఇంకో పెట్టెకు పెట్టి చూశారు. ఈగలు దూరం నుంచి నీలం దిక్కే వచ్చినయి. గని రంధ్రం కాడికి వచ్చి, వాసన లేదని ఆగినయి. వాసన ఉన్నదాంట్లోనే దూరినయి. అంటే దూరానికి రంగు, దగ్గరికి వాసన.

మరి వాసన చూసేది దేంతోని? తలమీద రెండు మీసాలు ఉంటయి. మన పుస్తకంలో స్పర్శశృంగాలు అని ఉంది. ఫ్రిష్ గారు వాటిని కత్తిరించి చూశారు (పాపమే గని). మీసాలు లేని ఈగ రంగును గుర్తుపట్టింది, వాసనను గుర్తుపట్టలేదు. చివరన ఉండే ఎనిమిది కణుపుల్లోనే వాసన తెలుస్తదని 1921లో రాశారు.

మీసంల నుంచి నరం మెదడుకు పోతది. అక్కడ మొదట దాదాపు 160 చిన్న గుండ్రటి ముద్దలు ఉంటయి. ఒక్కో వాసనకు కొన్ని ముద్దలు కలిసి పనిచేస్తయి. ఇది తర్వాతివాళ్ళు కనిపెట్టినారు. అక్కడి నుంచి కబురు పుట్టగొడుగు ఆకారంలో ఉన్న భాగాలకు చేరుతది. ఏ వాసనకు తీపి దొరికిందో గుర్తుపెట్టుకునేది అక్కడనే. మొత్తం మెదడు ఆవగింజంత కూడ ఉండదు, గని దాంట్లో దాదాపు పది లక్షల నాడీకణాలు ఉంటయి.

మా నాయిన తేనె కోసేముందు పొగ పెడ్తడు. ఒక ఈగ కుడితే ముల్లుకాడ ఒక వాసన లేస్తది, అది తగిలి మిగతావి కూడ మీద పడ్తయి. పొగ ఉంటే ఆ వాసన మీసాలకు సరిగ అందదు.

ఫ్రిష్ గారి అమ్మమ్మ యూదుల వంశం. అందుకని 1941లో హిట్లర్ ప్రభుత్వం ఆయన ప్రొఫెసరు ఉద్యోగం తీసేయబోయింది. అదే సమయంలో నోసెమా అనే రోగం వచ్చి తేనెటీగలు గుంపులు గుంపులుగా చచ్చిపోతుండె. ఈగలు లేకుంటే పంటకు కాత లేదు. రోగం సంగతి చూడటానికి ఈయన కావలసి వచ్చి, ఆ ఉత్తర్వును యుద్ధం అయిపోయేదాక ఆపినారు. ఈగలే ఆయన్ని కాపాడినయి అని నేను అనుకుంటున్న. 1944లో మ్యూనిక్‌లో ఆయన పనిచేసే చోట బాంబులు పడితే మళ్ళీ పాత మిల్లు ఇంటికే వచ్చారు.

పూలు చూసొచ్చిన ఈగ తుట్టె మీద ఆడుతది. ఎంత దూరం, ఏ దిక్కు అన్నది ఆ ఆటలో ఉంటదని ఆ రోజుల్లోనే తెలుసుకున్నారు. ఏ పువ్వు అన్నది మాత్రం దాని ఒంటికి అంటిన వాసన చెప్తది. మిగతావి మీసాలతో తాకి చూస్తయి. ఈ పనికే 1973లో లోరెంజ్, టిన్‌బర్గెన్‌లతో కలిసి నోబెల్ బహుమతి వచ్చింది. 1982 జూన్ 12న మ్యూనిక్‌లో చనిపోయారు. అప్పటికి 95 ఏండ్లు.

ఆయన శిష్యుడు మార్టిన్ లిండావర్ 1950లలో శ్రీలంకకు వచ్చి, అక్కడి పెద్ద తేనెటీగల ఆట చూశాడు. అవి చీకట్ల కాదు, బయట తుట్టె మీద ఎండ కనిపించేచోట ఆడుతయి. మన నల్లమల కొండచరియల మీద తుట్టెలు పెట్టేది కూడ ఆ జాతే.