నీళ్ళ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ మర్హూమ్

నిజాంసాగర్ కట్టించింది ఎవరని పిల్లలను అడిగితే నిజాం ప్రభువు అంటారు. ఖజానా ఆయనదే, నిజమే. కాని నది కొలతలు తీసి, కట్ట ఎక్కడ పెట్టాలో, కాలువ ఎటు నడవాలో తేల్చిన బుర్ర వేరొకరిది. ఆయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. సర్కారు ఇచ్చిన బిరుదు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహద్దూర్. మన ఖౌమ్‌లో పుట్టి మతభేదం లేకుండా అందరి పొలాలకూ నీరిచ్చిన ఈ మహనీయుని గూర్చి నాలుగు మాటలు రాయడం మన విధి.

ఆయన 1877 జూలై 11న హైదరాబాదులో జన్మించారు. మద్రసా-ఎ-ఆలియా, నిజాం కాలేజీలలో తాలీమ్ పొందారు. 1896లో సర్కారు వజీఫాపై ఇంగ్లండు పోయి, కూపర్స్ హిల్‌లోని రాయల్ ఇండియన్ ఇంజనీరింగ్ కాలేజీలో చదివారు. 1899లో తిరిగి వచ్చి పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరారు.

ఆయన నౌకరీలో ఉండగానే 1908 సెప్టెంబరు 28న మూసీకి ఆ ఘోరమైన వరద వచ్చింది. పదిహేను వేల మంది వరకు ప్రాణాలు పోయాయని చెబుతారు. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికి బయటపడిన సంగతి పెద్దలు చెప్పగా విన్నాం. మరుసటి ఏడు సర్ విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి విచారణ చేయించారు. అప్పుడు తేలిన లెక్క చూడండి. నగరానికి ఎగువన మూసీ పరీవాహకంలో 788 చెరువులున్నాయి. ఆ వానకు అందులో 221 తెగినాయి. పై చెరువు తెగితే ఆ నీళ్ళన్నీ వచ్చి కింది చెరువు కట్టమీద పడతాయి. అది తెగితే దాని కింద ఉన్నదాని పని కూడా అంతే. ఎవరి ఊరి చెరువును వారు చూసుకుంటే చాలదు, గొలుసు మొత్తాన్ని చూసే కన్ను ఒకటి ఉండాలని నగరం అంత ఖరీదు ఇచ్చి నేర్చుకున్నది.

1918లో అలీ నవాజ్ జంగ్‌గారు చీఫ్ ఇంజనీరు అయ్యారు. ఆ కన్ను ఆయనదే అయ్యింది. మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసాపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయినాయి. నగరానికి వరద భయం తగ్గింది, తాగునీరు దొరికింది. ఇవి గాక పోచారం, పాలేరు, వైరా ప్రాజెక్టులు వచ్చాయి. అన్నిటికీ మించినది మంజీరపై నిజాంసాగర్. 1923లో మొదలై 1931లో ముగిసింది. 2,75,000 ఎకరాలకు నీరివ్వాలని సంకల్పం. బోధన్ ప్రాంతానికి చెరకు, చక్కెర ఫ్యాక్టరీ వచ్చాయంటే ఈ కాలువ చలవే. తర్వాత దేశానికై ఏర్పడిన జాతీయ ప్రణాళికా సంఘంలో నీటిపారుదల ఉపసంఘానికి ఆయనే అధ్యక్షులు. 1949 డిసెంబరు 6న ఇంతకాల్ అయినారు. 2014 నుంచి తెలంగాణలో ఆయన పుట్టినరోజునే ఇంజనీర్ల దినంగా జరుపుతున్నారు.

ఇంతవరకు పెద్ద కట్టల కథ. అయితే తెలంగాణ బతికింది పెద్ద కట్టలతోనేనా? ఊరి చెరువును ఊరే కాపాడేది. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ముందు పారించాలో నీరడి చూసేవాడు. కట్ట మరమ్మతు చేసినవారికి శిస్తులో భాగం ముట్టే దస్త్‌బంద్ ఏర్పాటు ఉండేది. హైదరాబాదులో కూర్చున్న ఇంజనీరుకు మత్తడి దగ్గర పడ్డ ఎలుక బొరియ కనబడదు, నీరడికి కనబడుతుంది. రానురాను అంతా ఆఫీసు పని అయ్యింది, ఊరు చేయి దులుపుకుంది. పూడిక నిండింది.

పెద్ద కట్టకూ ఇదే గతి. నిజాంసాగర్‌లో మొదట దాదాపు 30 టి.ఎం.సి. నీరు పట్టేది. పూడికతో అది సగానికి సగం పోగా గేట్ల మట్టం పెంచవలసి వచ్చింది. ఎగువన సింగూరు కట్టి మంజీర నీళ్ళు నగరానికి మళ్ళిస్తే నిజాంసాగర్ రైతుకు కరువు వచ్చింది. ఆ నిర్ణయంలో అతన్ని అడిగినవారెవరు? 1997లో చట్టం తెచ్చి పదివేలకు పైగా నీటి సంఘాలు పెట్టారు. 2015లో మిషన్ కాకతీయ పేర చెరువుల పూడిక తీయించారు. రెండూ మంచి పనులే. కాని పైనుంచి డబ్బు వచ్చినన్నాళ్ళే కదిలే సంఘం, ఊరి సంఘం ఎట్లా అవుతుంది?

ఊరి చేతికే వదిలేస్తే సరిపోతుందా అంటే అదీ కాదు. జంట జలాశయాల చుట్టూ 84 గ్రామాలలో పెద్ద కట్టడాలను నిషేధిస్తూ 1996లో ఉత్తర్వు తెచ్చారు. 2022లో దాన్ని సడలించారు. ప్లాట్ల ధర పెరుగుతుందని ఆ ఊళ్ళలోనే చాలామంది సంతోషించారు. కింద నగరంలో ఉన్నవారి క్షేమం వారి లెక్కలోకి రాలేదు.

చెరువు లోపలి భూమిని రెవెన్యూ కాగితాలలో శికం అంటారు. ఉర్దూ, ఫారసీలలో శికం అంటే కడుపు. అమ్మ కడుపులో గోడ కట్టేవాడుంటాడా? నది ఒడ్డున వుజూ చేసినా నీటిని దుబారా చేయరాదని, నీరు అందరి ఉమ్మడి సొత్తని మన దీన్ నేర్పింది. నదికి అలీ నవాజ్ జంగ్ లాంటి ఇంజనీరు కావాలి. చెరువుకు ఊరు కావాలి. మొదటిది మన చేతిలో లేదు, రెండోది ఉంది. ఈ వానాకాలం ముందు ప్రతి సభ్యుడూ తన ఊరి కట్టమీద ఒకసారి నడిచి రావాలని మనవి. అల్లాహ్ మర్హూమ్‌కు జన్నత్ ప్రసాదించుగాక. ఆమీన్.