అశ్వహృదయము నెఱిగిన జెనోఫన్

కృష్ణా తుంగభద్రల నడుమనున్న మన నడిగడ్డ సీమ యొకప్పుడు గుఱ్ఱపు డెక్కల చప్పుడునకు అలవాటుపడిన సీమ. 1520వ సంవత్సరమున శ్రీకృష్ణదేవరాయలును బీజాపురపు సుల్తానును రాయచూరు కోటకై పోరాడినది గద్వాలకు మిక్కిలి దూరము గాని చోటనే. పందొమ్మిదవ శతాబ్దమున వనపర్తి సంస్థానాధిపతులు ఆఫ్రికా దేశీయులగు రావుతులతో నొక దళమును పోషించిరి. అది పిమ్మట నిజాము కొలువున జేరెను. హైదరాబాదులోని ఏ. సీ. గార్డ్సు అను పేట ఆ రావుతుల పేరనే వెలసినది. నేడు గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు బాలురకు గుఱ్ఱము పెండ్లి యూరేగింపులో దక్క సాధారణముగా గానరాదు. అయినను ఆ జంతువువలన నొక ప్రాచీనుడు నేర్చిన పాఠము మనుష్యులకును మిగుల నుపయోగించునది గాన, ఆయన చరిత్రమును మా విద్యార్థులకు జెప్పదలచితిమి.

గుఱ్ఱపు మనసు నెఱుగు విద్యకు మన పూర్వులు అశ్వహృదయమని పేరు పెట్టిరి. భారతమున నలుడు ఆ విద్యయందు ప్రసిద్ధుడు. సంస్కృతమున శాలిహోత్రుని పేర అశ్వశాస్త్రము గలదు. తెలుగున మనుమంచి భట్టు హయలక్షణ విలాసమును రచించెను. యవన భాషలో సంపూర్ణముగ మిగిలిన అశ్వశిక్షా గ్రంథములలో మిక్కిలి ప్రాచీనమైనది జెనోఫన్ రచించినది.

జెనోఫన్ క్రీస్తునకు పూర్వము సుమారు 430వ సంవత్సరమున ఏథెన్సు నగరమున గ్రిల్లసు అను గృహస్థునకు జన్మించెను. యౌవనమున సోక్రటీసునకు శిష్యుడయ్యెను. క్రీ. పూ. 401లో పారసీక రాజకుమారుడగు సైరసు తన యన్న సింహాసనమును గైకొనుటకై యవన సైనికులను జీతమునకు గూర్చుకొనగా, ఒక మిత్రుని పిలుపున జెనోఫన్ ఆ దండుతో బయలుదేరెను. బాబిలోను సమీపమున జరిగిన కునాక్సా యుద్ధములో సైరసు మడిసెను. పిదప యవన సేనాపతులను పారసీకులు సంధి మాటలకని పిలిచి మోసముతో బట్టి చంపిరి. పరదేశమున దిక్కులేక చిక్కిన సుమారు పదివేలమంది తమకు క్రొత్త నాయకుల నెన్నుకొనిరి. వారిలో జెనోఫన్ ఒకడు.

ఆ దండునకు అప్పుడు అశ్విక దళము లేదు. శత్రువులు గుఱ్ఱములపై వచ్చి దూరమునుండి బాణములు వేసి పోవుచుండగా, కాలిబంట్లు వారిని తరుమజాలకుండిరి. అంతట జెనోఫన్ సలహాపై సామానులు మోయుచున్న గుఱ్ఱములలో పనికివచ్చువాని నేరి, యేబదిమంది రావుతుల నేర్పరచిరి. చలికాలమున ఆర్మీనియా కొండలలో మంచు పొట్టదాక గుఱ్ఱములను మ్రింగుచుండెను. అచ్చటి గుఱ్ఱములు పారసీకపు గుఱ్ఱములకంటె చిన్నవి, కాని ఉత్సాహమున మిన్న. వాని కాళ్లకు చిన్న సంచులు గట్టి నడిపింపవలెనని ఆ గ్రామపు పెద్ద నేర్పెను. సేనాధిపతియయ్యు జెనోఫన్ ఆ పల్లెటూరివాని మాటను శ్రద్ధతో విని నేర్చుకొనెను.

క్రీ. పూ. 400లో ఆ సేన నల్లసముద్రతీరమును జేరెను. మఱుసటి యేట లాంప్సాకసు పట్టణమున, ఇంటికి బోవుటకు దారి బత్తెమునకైనను చాలని స్థితిలో, జెనోఫన్ తన గుఱ్ఱమును ఏబది బంగారు నాణెములకు అమ్ముకొనెను. ఆయనకు ఆ గుఱ్ఱము ప్రాణప్రదమని విని, మిత్రులు దానిని మఱల కొని తెచ్చి యిచ్చి, వెల పుచ్చుకొనుటకు నిరాకరించిరి.

పిమ్మట ఆయన స్పార్టావారి పక్షమున జేరెను. ఏథెన్సు వారు ఆయనను దేశమునుండి వెడలగొట్టిరి. స్పార్టావారు ఒలింపియా చెంత స్కిల్లసు అను గ్రామమున ఇల్లును భూమియు నిచ్చిరి. అచ్చట ఆయన భార్యతోను ఇద్దఱు కుమారులతోను, వేటతోను గ్రంథరచనతోను బహు సంవత్సరములు గడపెను. తన దీర్ఘానుభవమును చిన్నవారగు మిత్రులకు అందజేయుటకై అశ్వశిక్షను గూర్చిన గ్రంథమును వ్రాసెను. తనకు పూర్వుడైన సైమను అనువాని గ్రంథమును అందు గౌరవముతో బేర్కొనెను.

ఆ కాలమున యవనులకు రికాబులు లేవు. నేటి వంటి జీనును లేదు. రావుతు తొడల పట్టుచేతనే నిలువవలెను. కావున గుఱ్ఱపు స్వభావము తెలియనివాడు యుద్ధమున ప్రాణములనే గోల్పోవును. అందుచేతనే జెనోఫన్ గుఱ్ఱముల స్వభావభేదములను అంత శ్రద్ధతో విచారించెను.

పొగరుగల గుఱ్ఱమును గూర్చి ఆయన చెప్పినది యిది. గుఱ్ఱమునకు పొగరు మనుష్యునకు కోపము వంటిది. కోపిష్ఠిని నొప్పింపకుండుటయే వానిని శాంతపఱచు మార్గమైనట్లు, అట్టి గుఱ్ఱమునెక్కునప్పుడు దానికి ఏ బాధయు కలిగింపరాదు. ఎక్కిన పిదప మామూలుకంటె ఎక్కువసేపు కదలక నిలువవలెను. మెల్లని సంజ్ఞతో నడక ప్రారంభించి, వేగమును కొంచెము కొంచెముగా హెచ్చింపవలెను. నిలుపునప్పుడును కళ్లెమును గుంజరాదు. కరకు కళ్లెముకంటె నునుపు కళ్లెము మేలు. చాలదూరము దౌడు తీయించిన అలసి అణగునని కొందఱు తలతురు. అట్టి బలవంతమున అది మఱింత రెచ్చి, తనకును రావుతునకును కీడు తెచ్చుకొనును. మందగొడి గుఱ్ఱమునకు మాత్రము వీని కన్నిటికిని వ్యతిరేకముగ జేయవలెను. ఒక గుఱ్ఱమునకు మందైనది వేఱొక గుఱ్ఱమునకు విషమగును.

బెదరు గుఱ్ఱమునకు ఆయన మఱియొక పద్ధతి చెప్పెను. అది దేనిని జూచి బెదరునో దానిని రావుతు తానే ముందుగా ముట్టి, గుఱ్ఱమును మెల్లగా దాని చెంతకు గొనిపోవలెను. కొట్టి నడిపించినచో ఆ దెబ్బల బాధ ఆ వస్తువువలననే కలిగినదని గుఱ్ఱము తలచును, భయము రెట్టింపగును. కోపముతో నున్నప్పుడు గుఱ్ఱము దరికే పోరాదని ఆయన గట్టిగా శాసించెను. కోపము ముందుచూపు లేనిది, పిదప పశ్చాత్తాపము తెచ్చునది గదా. బలవంతమున చేయించినది గుఱ్ఱమునకు అర్థము గాదనియు, నాట్యకత్తెను కొరడాతో గొట్టి ఆడించినట్లు అందు సౌందర్యముండదనియు ఆయన యభిప్రాయము. చెప్పినట్లు చేసిన వెంటనే పగ్గము సడలించి విశ్రాంతి యొసగుటయే ఆయన యిచ్చు బహుమానము.

క్రీ. పూ. 371లో స్పార్టావారు లూక్ట్రా యుద్ధమున ఓడిపోగా, జెనోఫన్ స్కిల్లసును విడిచి పోవలసి వచ్చెను. క్రీ. పూ. 362లో ఏథెన్సు అశ్విక దళమున బోరాడుచు జ్యేష్ఠపుత్రుడు గ్రిల్లసు మాంటినేయా చెంత మరణించెను. తండ్రిని వెడలగొట్టిన నగరము కొఱకే కుమారుడు ప్రాణము లర్పించెను. సుమారు క్రీ. పూ. 354లో జెనోఫన్ కాలధర్మము నొందెను.

భయశీలత, తోడు గోరు గుణము, స్పర్శయందలి సున్నితత్వము మున్నగునవి ఒక్కొక గుఱ్ఱమున నొక్కొక పాళ్లలో నుండి, చాలకాలము మాఱక నిలుచునని నేటి శాస్త్రజ్ఞులు పరీక్షించి చెప్పుచున్నారు. జెనోఫన్ పరికరములేవియు లేకయే, తాళిమితో చూచి యీ సత్యమున కొంత గ్రహించెను.

మేము ఉపాధ్యాయ వృత్తిలో బ్రవేశించిన తొలి యేండ్లలో, ప్రశ్న వేసినప్పుడెల్ల లేచి నోరు మెదపక నిలుచు బాలుని మొండివాడని తలచి గద్దించితిమి. ఎంత గద్దించిన అంత మౌనము వహించెను. ఆ బాలుడు మొండివాడు గాడు, బెదరినవాడని చాల యాలస్యముగ దెలిసికొంటిమి. మా గద్దింపు వానికి పాఠమునే భయంకరమైన వస్తువుగ జేసినది. ఆ తరువాత వాని ప్రక్కన కూర్చుండి, మేమే మొదటి వాక్యమును చదివి, రెండవదానిని వానికి విడిచితిమి. కొన్ని వారములకు వాని గొంతు తరగతిలో వినబడెను.

తలిదండ్రులారా, మీ యింట పొగరుగలవాడొకడు, మందముగ నుండువాడొకడు, బెదరువాడొకడు నుండవచ్చును. ముగ్గురకు ఒకే కళ్లెము వేయకుడు. విద్యార్థులారా, మీ తోడివాని స్వభావము మీ స్వభావము వంటిది గాదని యెఱిగి మెలగుడు. కళ్లెము చేత బట్టుటకు ముందు ఎదుటి ప్రాణి మనసును దెలిసికొనుమనుటయే జెనోఫన్ మనకు విడిచి పోయిన పాఠము.