కుక్కల్లో జబ్బు కనిపెట్టిన చార్లెస్ నికోల్

చార్లెస్ నికోల్ గారు ఫ్రాన్సు దేశంలోని రూయెన్ పట్టణంలో 1866 సెప్టెంబరు 21న జన్మించారు. తండ్రి డాక్టరు. ఈయన కూడా డాక్టరు చదువే చదివారు. కానీ వయసులో ఉండగానే చెవుడు వచ్చింది. డాక్టరు చెవిలో గొట్టం పెట్టుకుని గుండె చప్పుడు వినాలి గదా, ఆయనకి అది సరిగా వినపడేది కాదు. అందుకని సూక్ష్మదర్శిని పని పట్టుకున్నారు. దానికి కళ్లుంటే చాలు.

1903లో ట్యూనిస్ నగరంలో పాశ్చర్ ఇన్‌స్టిట్యూటుకు డైరెక్టరు అయ్యారు. ట్యూనిస్ ఆఫ్రికా ఖండంలో ఉత్తరం వైపు ఉంది. అప్పట్లో అక్కడ ఫ్రెంచి వాళ్ల పాలన.

అక్కడ చిన్నపిల్లలకు ఒక జ్వరం వచ్చేది. నెలల తరబడి వదలదు. కడుపులో బల్ల పెరుగుతుంది, రక్తం తగ్గుతుంది, ఒళ్లు చిక్కిపోతుంది. మన దేశంలో ఇలాంటి జబ్బునే కాలా అజార్ అంటారు. దాని పరాన్నజీవి గురించి 1903లో లండనులో లీష్మన్ గారు, మద్రాసులో డోనోవన్ గారు తెలిపారు. ట్యూనిస్ పిల్లల్లో కూడా అలాంటిదే నికోల్ గారికి కనపడింది. పసిపిల్లలకు వస్తోంది కాబట్టి 1908లో లీష్మానియా ఇన్‌ఫాంటం అని పేరు పెట్టారు.

ఐతే పిల్లలకి ఇది ఎక్కడినుంచి వస్తోంది? ఆయన కుక్కల్ని పరీక్షించారు. అదే 1908లో, కోంట్ అనే ఆయనతో కలిసి, ట్యూనిస్ కుక్కల్లో ఆ పరాన్నజీవిని కనిపెట్టారు. నాకు ఇదే బాగా నచ్చింది. వీధికుక్కని అంత శ్రద్ధగా ఎవరు చూస్తారు?

ఈ జబ్బు వస్తే కుక్కకి కళ్ల చుట్టూ వెంట్రుకలు ఊడతాయి. చర్మం పొట్టు రాలుతుంది. గోళ్లు పొడుగ్గా పెరుగుతాయి. తింటున్నా చిక్కిపోతుంది. కొన్నిటికి పైకి ఏమీ తెలియదు, లోపల మాత్రం ఉంటుంది. (మా ఊళ్లో కుక్కకి వెంట్రుకలు ఊడితే గజ్జి అంటాం. అది వేరు.)

దీన్ని మోసేది ఇసుక ఈగ. దోమలో మూడో వంతు ఉంటుంది, ఒంటి నిండా నూగు, చప్పుడు చెయ్యదు. రాత్రిపూట జబ్బు కుక్కని కుట్టి, కొన్ని రోజులకి పిల్లని కుడితే పిల్లకి వస్తుంది. ఈగ సంగతి తర్వాత వేరేవాళ్లు తేల్చారు. బీహారు వైపు కాలా అజార్‌కి మాత్రం కుక్కతో పని లేదు, మనిషినుంచి మనిషికే ఈగ మోస్తుంది.

1909లో టైఫస్ జ్వరం పేల వల్ల వస్తుందని కూడా నికోల్ గారే కనిపెట్టారు. రోగికి స్నానం చేయించి బట్టలు మార్చాక ఆ జ్వరం ఇతరులకి అంటడం లేదని గమనించారు. దానికే 1928లో నోబెల్ బహుమతి వచ్చింది. అవి బట్టల్లో ఉండే పేలు, తల పేలు కాదు. ఐనా అక్కలారా, ఆదివారం పేలు చూసుకోవడం మానకండి.

1936 ఫిబ్రవరి 28న ట్యూనిస్‌లోనే చనిపోయారు.

ఆయన తర్వాత బ్రెజిల్ దేశంలో ఈ జబ్బు పోవాలని ఏళ్ల తరబడి కుక్కల్ని చంపారు. ఐనా జబ్బు పోలేదు. కుక్కకి కూడా అది జబ్బే గదా, ఈగ తెచ్చి పెట్టిందే. ఇప్పుడు మందు పట్టించిన పట్టీ కుక్క మెడకి కడుతున్నారు. దాంతో ఈగలు కుట్టడం బాగా తగ్గుతుంది.