పరాయి జెండా క్రింద మన వెంకయ్యగారు

ఏటా ఆగస్టు 15వ తేదీన మన హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో పిల్లలంతా తలకు నూనె రాసి, ఉతికిన బట్టలు తొడుక్కుని జెండా చుట్టూ చేరుతారు. ఆ జెండాకు రూపురేఖలు దిద్దిన శ్రీ పింగళి వెంకయ్యగారు తెలుగువారన్న సంగతి వారికి మనం చెప్పే ఉంటాము. అయితే ఆయన కూడా మనవలెనే ఉద్యోగం కోసం ఇల్లు విడిచినవారే. కొంతకాలం ఈ బెంగుళూరులోనే రైల్వే గార్డుగా పనిచేశారు. అంతకు మునుపు సముద్రం దాటి సిపాయిగా కాలం గడిపారు. ఉగాది పూట ఆ ముచ్చట మనవారితో పంచుకోవాలని మాకు తోచింది.

వెంకయ్యగారు 1876 ఆగస్టు 2న బందరు దగ్గరి భట్లపెనుమర్రులో పుట్టారు. చల్లపల్లిలోను, బందరులోను చదువుకున్నారు. యువకుడుగా బొంబాయి వెళ్ళి సైన్యంలో చేరారు. 1899 అక్టోబరులో దక్షిణాఫ్రికాలో ఆంగ్లేయులకూ బోయరులకూ యుద్ధం మొదలైంది. కృష్ణాతీరపు కుర్రవాడు ఆ యుద్ధభూమికి చేరాడు.

అక్కడ దండులో మనవారి బ్రతుకు ఎట్లుండేది? తుపాకి పట్టి పోరాడడం తెల్లవారి వంతు, దండుకు ఊడిగం చేయడం భారతీయుల వంతు అని నాటి ప్రభుత్వపు నిర్ణయం. తెల్లవారకముందే లేచి గుర్రాలకు మాలీసు చేసి దాణా పెట్టేవారు కొందరు. తోలుసంచులలో నీరు మోసేవారు కొందరు. బట్టలు ఉతికేవారు, వంట చేసేవారు, గాయపడినవారిని డోలీలలో మోసుకొచ్చేవారు మరికొందరు. ఋతువులు సయితం అక్కడ తలక్రిందులు. మనకు సంక్రాంతి చలి వేళ వారికి నడివేసవి. మనకు వాన కురిసే ఆషాఢంలో అక్కడ డేరాలలో గజగజ వణికించే చలి. లేడీస్మిత్ పట్టణం 118 రోజులు ముట్టడిలో చిక్కినప్పుడు తిండి కరువై, మేపిన గుర్రాలనే కోసి రేషనుగా పంచవలసి వచ్చింది. అయినవారికి ఉత్తరం వ్రాస్తే అది ఓడలో వారాల తరబడి ప్రయాణం చేసేది. ఫోనులో క్షణంలో అమ్మ గొంతు వినే మనకు ఆ ఎడబాటు ఊహించడం కూడ కష్టమే.

అయితే ఆ పరాయి నేలమీద తెలుగుమాట కొత్త కాదు. 1860 నుండి మద్రాసు రేవులో ఓడలెక్కి నేటాలు చెరకుతోటలకు ఒప్పందపు కూలీలుగా వెళ్ళినవారిలో మనవారు వేలమంది. తెలుగువాడు, అరవవాడు, గుజరాతీ అన్న భేదం తెల్లదొరకు లేదు; అందరికీ కూలీ అనే ఒకే పేరు. గాంధీగారు సుమారు 1,100 మంది భారతీయులతో అంబులెన్సు దళం నడిపి, గుండ్ల వర్షం నడుమ క్షతగాత్రులను మోయించినది ఆ యుద్ధంలోనే. గాంధీగారితో వెంకయ్యగారికి పరిచయం కలిగినదీ అక్కడే. అది ఆజన్మాంతం నిలిచింది.

దండులో ప్రతి సిపాయి యూనియన్ జాకుకు వందనం చేయవలసిందే. చేయి ఎత్తింది మనవాడే గాని, జెండా మనది కాదు. మనకంటూ వందనం చేయడానికి ఒక జెండా ఏదీ అన్న చింత అక్కడ వెంకయ్యగారి గుండెలో నాటుకున్నది. ఇల్లు కదలనివానికి ఊరే లోకం. దూరం వెళ్ళినవానికే దేశమంతా ఒక్కటిగా కానవస్తుంది. అవమానంలోనైనా అందరిదీ ఒకే పేరైనప్పుడు, గౌరవంలోను అందరిదీ ఒకే గుర్తు కావద్దా!

తిరిగి వచ్చాక బెంగుళూరులో రైల్వే గార్డు కొలువు, బళ్ళారిలో ప్లేగు అధికారి పని చేశారు. జపాను భాష నేర్చి జపాను వెంకయ్యగా, పత్తి పంటపై పరిశోధన చేసి పత్తి వెంకయ్యగా పేరు పొందారు. ఎన్ని పనులు చేసినా జెండా మాట మరువలేదు. 1916లో పలు నమూనాలతో జాతీయ పతాకంపై ఒక పుస్తకం ప్రకటించారు. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాల వేళ గాంధీగారికి ఎరుపు, ఆకుపచ్చ రంగుల జెండా అందించారు. రాట్నం, తెలుపు చేరి అది దేశమంతటా ఎగిరింది. 1931లో కాషాయం, తెలుపు, ఆకుపచ్చగా మారి, 1947 జూలై 22న అశోకచక్రంతో రాజ్యాంగసభ ఆమోదం పొందింది.

ఇంత చేసినవారు 1963 జూలై 4న బెజవాడలో పేదరికంలోనే కన్నుమూశారు. ఆయన పేర తపాలాబిళ్ళ వెలువడడానికి 2009 దాకా ఆగవలసి వచ్చింది. ఉగాది పచ్చడిలో చేదు కూడ నాలుకకు తగలవలసిందే కదా!

ఈసారి జెండా ఎగిరినప్పుడు, ఇదే ఊళ్ళో రైలుబండి వెనుక గార్డుపెట్టెలో నిలిచి పచ్చజెండా ఊపిన ఒక తెలుగువాని కథ పిల్లలకు చెప్పండి. బయటి ఊళ్ళో బ్రతుకుతున్నామన్న బెంగ మనకు వద్దు. బయటికి పోయి చూసినది ఇంటికి ఏమి తెచ్చామన్నదే చూసుకోవాలి. అందరికీ ఉగాది శుభాకాంక్షలు.