జలదాత్రి ఏంజెలా బర్డెట్ కూట్స్

వేసవిని చలివేంద్రము పెట్టించుట, బాటప్రక్క నూయి త్రవ్వించుట మన దేశమున అనాదిగా వచ్చుచున్న పుణ్యకార్యములు. పందొమ్మిదవ శతాబ్దమున లండను నగరపు పేదలకు అట్టి జలదాన మొనర్చిన మహనీయురాలు ఏంజెలా బర్డెట్ కూట్స్.

ఈమె 1814 ఏప్రిల్ 21వ తేదీన లండనులో జన్మించెను. తండ్రి సర్ ఫ్రాన్సిస్ బర్డెట్ పార్లమెంటు సభ్యుడు. ప్రజల హక్కులకై పోరాడి చెరసాల కేగినవాడు. మాతామహుడు థామస్ కూట్స్ ప్రసిద్ధుడైన బ్యాంకు యజమాని. ఆయన తన యాస్తిని రెండవ భార్యయు, పూర్వము నటీమణియు నైన హారియట్‌కు వ్రాసెను. 1837లో హారియట్ మరణించుచు దానిని బర్డెట్ కుమార్తెలలో కడగొట్టుదైన ఏంజెలాకు చెందునట్లు చేసెను. ఇరువదిమూడేండ్ల కన్యకు సుమారు 18 లక్షల పౌనుల భాగ్యము సంక్రమించెను. అయితే వీలునామాలో ఒక నిబంధన కలదు. విదేశీయుని పెండ్లాడినచో ఆ హక్కు పోవును.

ఆ ధనమును ఆమె స్వభోగములకే వెచ్చింపలేదు. నవలాకారుడైన చార్లెస్ డికెన్స్ తోడ్పాటుతో 1847లో దిక్కులేని స్త్రీలకు ఆశ్రయగృహము నెలకొల్పెను. తూర్పు లండనులోని కూలిజనులు ఇరుకిండ్లలో బ్రదుకుచు, మురికినీరు త్రాగి కలరావాత బడుచుండిరి. 1854లో డాక్టరు జాన్ స్నో ఆ వ్యాధి నీటిద్వారా వ్యాపించునని చూపినను వైద్యులనేకులు నమ్మరైరి. పేదవానికి శుద్ధజలమే ఔషధమైన కాలమది.

ఆ జనులు విహరించు విక్టోరియా ఉద్యానమున ఆమె 1862లో త్రాగునీటి ఫౌంటెను నిర్మింపజేసెను. హెన్రీ డార్బిషైర్ దాని శిల్పి. ఎనిమిది కోణముల మండపము, నునుపైన గ్రానైటు స్తంభములు, పాలరాతి పనితనము, గూళ్లలో బాలుర విగ్రహములు, పైన శిఖరము, అందు గడియారములు! పేదల కిచ్చునది సామాన్యముగా నుండవలెనని ఆమె తలపలేదు.

1869లో అదే శిల్పిచే కొలంబియా మార్కెట్టను మహాభవనమును కట్టించెను. వర్తకులు దాని నాదరింపలేదు. 1886లో మూతపడి, తరువాతి శతాబ్దమున నేలమట్టమయ్యెను. దానశీలురకును అపజయములు తప్పవు.

విక్టోరియా రాణి 1871లో ఆమెకు బ్యారనెస్ బిరుదము నొసగెను. 1881లో, అరువదియారవ యేట, అమెరికాలో పుట్టిన యువకుని వివాహమాడెను. నిబంధన ప్రకారము ఆదాయమున అయిదింట మూడు పాళ్లు సోదరికి పోయినను ఆమె వెనుదీయలేదు. 1906 డిసెంబరు 30న పరమపదించెను. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఆమెను సమాధి చేసిరి.

దాత గతించినను ఫౌంటెను నిలిచెను. కాని పొగ, వాన, నిర్లక్ష్యము దాని శోభను హరించెను. తుదకు టవర్ హామ్లెట్స్ పురపాలకులు లాటరీ నిధి సాయముతో ఉద్యానమును బాగుచేయించుచు, 2011 ప్రాంతమున ఈ మండపమును కూడ శుభ్రపరచి పునరుద్ధరించిరి.

ధర్మసంస్థను స్థాపించుట ఒకరి జీవితములో తీరును. దానిని కాపాడుట మాత్రము వెనుకవచ్చు తరముల వంతు. విక్టోరియా ఉద్యానమున ఆ వంతు ఆలస్యముగానైనను చెల్లినది.