పగడాల ఓర్పును కొలిచిన మేయర్

ఈ నెల మనం తెలుసుకోబోయే వ్యక్తి ఆల్ఫ్రెడ్ గోల్డ్స్‌బరో మేయర్. సముద్ర జీవుల గురించి చదివేవారికి బాగా తెలిసిన పేరు ఇది. సముద్రం వేడెక్కితే పగడాలు ఎంతవరకు తట్టుకుంటాయో వందేళ్ల క్రితమే ఆయన కొలిచి చూశారు.

మేయర్ 1868లో అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో పుట్టారు. తండ్రి పేరున్న ఫిజిక్స్ ప్రొఫెసర్. కొడుకు కూడా తన దారిలోనే నడవాలని ఆయన కోరిక. కొడుకు మనసేమో జీవుల మీద ఉండేది. అయినా తండ్రి మాట ప్రకారం 1889లో ఇంజినీరింగ్ పూర్తి చేసి, కొన్నాళ్లు ఫిజిక్స్ విభాగాల్లో పనిచేశారు. చివరికి తండ్రి సరేనన్నారు. 1892లో, ఇరవై నాలుగేళ్ల వయసులో, మేయర్ హార్వర్డ్‌లో జువాలజీ విద్యార్థిగా చేరి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. చదివిన ఇంజినీరింగ్ వృథా పోలేదు. కొలవడం, కొలిచింది రాసిపెట్టడం ఆయనకు అలవాటైపోయాయి.

1904లో ఫ్లోరిడా దగ్గర డ్రై టార్టుగాస్ దీవుల్లో కార్నెగీ ఇన్‌స్టిట్యూషన్ ఒక ల్యాబ్ పెట్టింది. దానికి మేయర్ డైరెక్టర్ అయ్యారు. చుట్టూ పగడపు దిబ్బలే.

పగడం చూడటానికి రాయిలా ఉంటుంది కానీ అది ప్రాణమున్న జీవి. దాని ఒంట్లో కంటికి కనిపించనంత చిన్న ఆల్గే ఉంటుంది. పగడానికి ఎక్కువ ఆహారం, రంగు దాని వల్లే వస్తాయి. నీళ్లు మరీ వేడెక్కితే పగడం ఆ ఆల్గేను పోగొట్టుకుని తెల్లబడిపోతుంది. దీన్నే కోరల్ బ్లీచింగ్ అంటారు. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది. వారాల తరబడి అలాగే ఉంటే చనిపోతుంది.

మేయర్ రకరకాల పగడాలను సముద్రపు నీళ్లలో ఉంచి, టెంపరేచర్ పెంచుతూ ఏది ఎక్కడ చనిపోతుందో రాసుకున్నారు. 1913లో ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న మర్రే దీవికి వెళ్లి అక్కడి పగడాలను కూడా ఇలాగే పరీక్షించారు. ఫలితం ఆలోచింపజేసేది. ఎండాకాలంలో పగడాలు బతికే టెంపరేచర్‌కీ, వాటి ప్రాణం తీసే టెంపరేచర్‌కీ మధ్య తేడా కొన్ని డిగ్రీలే. అన్ని రకాల ఓర్పు కూడా ఒకేలా లేదు. కొమ్మల్లా పెరిగే పగడాలు ముందు చనిపోతే, గుండ్రాయిలా పెరిగేవి ఇంకాస్త తట్టుకున్నాయి.

1917లో ఆయన పసిఫిక్ మహాసముద్రంలోని అమెరికన్ సమోవాకు వెళ్లారు. పాంగో పాంగో హార్బర్‌లో, అవువా అనే ఊరి దగ్గర, ఒడ్డు నుంచి దిబ్బ అంచు దాకా సుమారు 270 మీటర్ల లైన్ తీసుకున్నారు. ఆ లైన్ వెంట గడుల లెక్కన ఏ రకం పగడాలు ఎన్ని ఉన్నాయో లెక్కబెట్టారు. అప్పటికి అది చిన్న పనిలాగే అనిపించి ఉండవచ్చు.

క్షయ వ్యాధితో బాధపడుతూనే పని చేసిన మేయర్, 1922 జూన్‌లో టార్టుగాస్‌లోనే కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 54.

1973లో వేరే సైంటిస్టులు అవువాలో అదే లైన్ మీద మళ్లీ లెక్కబెట్టారు. పగడాలు బాగా తగ్గిపోయాయి. హార్బర్‌లో తవ్వకాలు, ఫ్యాక్టరీల మురుగు అందుకు కారణాలు. నీళ్లు కొంత శుభ్రపడ్డాక పగడాలు మళ్లీ పెరగడం కూడా అక్కడే కనిపించింది. ఎంత పోయింది, ఎంత తిరిగి వచ్చింది అని చెప్పగలిగారంటే, 1917లో ఒకాయన లెక్క రాసిపెట్టబట్టే.

ఇప్పుడు ఈ కాపలా శాటిలైట్లు కాస్తున్నాయి. ఒక చోట ఎండాకాలంలో మామూలుగా ఉండే అత్యధిక టెంపరేచర్ మీద సముద్రం ఎన్ని డిగ్రీలు, ఎన్ని వారాలు ఎక్కువ ఉందో కలిపి లెక్కిస్తారు. ఒక డిగ్రీ ఎక్కువ వేడి నాలుగు వారాలు ఉంటే ఆ లెక్క 4 అవుతుంది. 4కు చేరితే బ్లీచింగ్ భయం. 8 దాటితే పగడాలు చనిపోయే ప్రమాదం. 2023 ఎండాకాలంలో ఫ్లోరిడా పగడాలు ఈ వేడికి తీవ్రంగా దెబ్బతిన్నాయి. మేయర్ ల్యాబ్ నడిపింది ఆ తీరంలోనే.

మనం కూడా పిల్లల ఎత్తును ఏటా ఒకే గోడ మీద గీత పెట్టి చూస్తాం. పాత గీత లేకపోతే ఎంత పెరిగారో తెలియదు. ఈ సెలవుల్లో మీ బాబుకో పాపకో ఒక థర్మామీటర్, ఒక నోట్‌బుక్ ఇవ్వండి. మేడ మీద ట్యాంకు నీళ్ల టెంపరేచర్‌ను రోజూ ఒకే టైముకి చూసి, తేదీ వేసి రాయమనండి. మధ్యలో ఒక రోజు మర్చిపోతే ఆ గడి ఖాళీగానే వదలమనండి, ఊహించి నింపవద్దని చెప్పండి. మార్కులు రాని పనే ఇది. కానీ సైన్స్ మొదలయ్యేది ఇలాంటి నోట్‌బుక్‌లోనే.