ఫోషాన్ గురువు యిప్ మన్

బ్రూస్ లీ పేరు ఎరుగని విద్యార్థి మన కళాశాలలో లేడనుట అతిశయోక్తి కాదు. అతనికి తొలినాళ్ళలో విద్య గరపిన గురువెవరని అడిగితే మాత్రం సమాధానం చెప్పగలవారు బహు కొద్దిమంది. ఆ గురువు యిప్ మన్. ఆ విద్య దక్షిణ చైనాకు చెందిన వింగ్ చున్.

ఈ విద్య పుట్టుకను గూర్చి ఒక ముచ్చటైన గాథ ఉంది. అగ్నికి ఆహుతియైన షావొలిన్ మఠం నుండి తప్పించుకొన్న ఒక బౌద్ధ సన్యాసిని, కొంగకూ పాముకూ జరిగిన పోరు చూచి ఈ పద్ధతిని కల్పించిందట. దానిని యిమ్ వింగ్ చున్ అనే యువతికి నేర్పగా, ఆమె తన్ను బలవంతంగా పెండ్లాడజూచిన దుండగుని ఓడించిందట. గాథ మనోహరమే గాని, చరిత్ర దీనికి సాక్ష్యం పలుకదు. ఎర్ర పడవల వృత్తాంతమే మాకు ఎక్కువ నమ్మదగినదిగా తోస్తున్నది. క్వాంగ్‌టుంగ్ రాష్ట్రపు నదులపై ఎర్ర రంగు పడవలలో ఊరూరా తిరిగే నాటకసమాజాల నటులు యుద్ధవిద్యలలో ఆరితేరినవారు. 1854లో లీ వెన్‌మావ్ అనే నటుడు వారిని కూడగట్టి చింగ్ ప్రభుత్వంపై తిరుగుబాటు లేవదీశాడు. ప్రభుత్వం కసిదీర ఫోషాన్‌లోని నటుల సంఘభవనాన్ని ధ్వంసం చేసి, నాటకాలను నిషేధించింది. అట్టి నటుల వద్ద లియుంగ్ జాన్ అనే ఫోషాన్ వైద్యుడు ఈ విద్య నేర్చెననీ, ఆయన వద్ద నాణెములు మార్చే వర్తకుడు చాన్ వా షున్ నేర్చెననీ శిష్యపరంపర చెప్పుకొంటుంది.

1893లో ఫోషాన్‌లోని ఒక సంపన్న కుటుంబంలో యిప్ మన్ జన్మించారు. చాన్ వా షున్ విద్య నేర్పినది ఆ వంశంవారి మందిరంలోనే. ముదిమి మీదపడిన ఆ గురువుకు ఈ బాలుడే కడపటి శిష్యుడు. పిదప హాంగ్‌కాంగ్‌లో ఆంగ్ల విద్య నేర్చి, స్వస్థలానికి మరలి వచ్చారు. కలిగిన కుటుంబం కావడంచేత విద్యను అమ్ముకొనవలసిన అవసరం ఆయనకు కలుగలేదు. 1938లో జపాను సేనలు ఫోషాన్‌ను ఆక్రమించడంతో ఆ సిరి కరిగిపోయింది. 2008లో వచ్చిన చలనచిత్రంలో ఆయన జపాను సేనానితో ద్వంద్వయుద్ధం చేసినట్లు చూపారు. అది కథకుల కల్పన. అసలు జీవితంలోని కష్టం అంత రమ్యమైనది కాదు. యుద్ధానంతరం ఆయన పోలీసు ఉద్యోగం చేశారు. 1949లో కమ్యూనిస్టుల విజయంతో ఊరు విడిచి హాంగ్‌కాంగ్ చేరారు. అప్పటికి వయస్సు 56. చేత ధనం లేదు. భార్య ఫోషాన్‌లోనే ఉండిపోయింది. 1960లో ఆమె మరణించింది. కుమారులు తండ్రిని చేరుకొన్నది 1962లో.

1950లో హోటలు కార్మికుల సంఘంలో ఆయన పాఠం చెప్పనారంభించారు. ఒకనాటి శ్రీమంతుడు వంటవారికీ, వడ్డించేవారికీ గురువై, వారిచ్చిన రుసుముతో పొట్టపోసుకొన్నారు. ఇందులో చిన్నతనమేమీ మాకు కనబడదు. అది జరుగకుంటే ఈ విద్య ఫోషాన్ దాటి ఎంత దూరం పోయేదో సందేహమే.

ఇంతకూ ఆ విద్య స్వరూపమేమి? ఎత్తైన తన్నులు, ఎగిరి దూకుటలు ఇందులో లేవు. దేహమధ్యంలో ఒక గీత ఉన్నదని భావించి, దానిని కాచుకొంటూ ఎదుటివాని గీతపైకి సూటిగా పోవుట దీని సూత్రం. బలాన్ని బలంతో ఢీకొనక ప్రక్కకు మళ్ళిస్తారు. ఆయుధం లేని అభ్యాసక్రమాలు మూడు: చిన్న తలంపు, వంతెన వెదకుట, దూసుకుపోవు వ్రేళ్ళు. తరువాత కొయ్యబొమ్మ, పొడుగు కర్ర, జంట కత్తులు. ఇద్దరు శిష్యులు ముంజేతులు తాకించి నిలచి, కంటితోగాక స్పర్శతోనే ఎదుటివాని ఉద్దేశం గ్రహించే అభ్యాసం ఒకటున్నది. దాని పేరు చి సావ్, అనగా అంటుకొనియుండు చేతులు. కన్ను మోసపోవచ్చును గాని చర్మం త్వరగా మోసపోదని దీని ఆంతర్యమని మేము గ్రహించాము.

1950ల దశకంలో చేరిన శిష్యులలో బ్రూస్ లీ ఒకడు. 1959లో అతడు అమెరికా వెళ్ళిపోయాడు. 1972లో, గొంతులో క్యాన్సరు ముదిరి దేహం శుష్కించిన దశలో, యిప్ మన్ తన అభ్యాసక్రమాలను ఒక చిన్న కెమెరా ముందు చేసి చూపారు. కొయ్యబొమ్మపై ఆ బక్కచేతులు తొట్రుపాటు లేక కదలడం ఆ చిత్రంలో నేటికీ చూడవచ్చు. ఆ ఏడాది డిసెంబరులో ఆయన కన్నుమూశారు. తరువాతి జూలైలో, 32 ఏండ్లకే, శిష్యుడూ పోయాడు.